చంద్రగిరి రాజమహలు: నిర్మాణము, తరువాతి మార్పులు

తిరుపతికి పడమటిదెస సుమారు 12 కిలోమీటర్ల దూరమున నున్న చంద్రగిరి దుర్గములో రాజమహలను మూడంతస్తుల భవనము కలదు. దీని కమానులను జూచినవారిలో ననేకులు ఇది గోలకొండవారి కట్టడమనియో, వారి పిమ్మట రూపు మార్చబడినదనియో తలంతురు. ఈ తలపు విచారణకు నిలువదు.

గోలకొండసేనలు చంద్రగిరిని గైకొన్నది 1646లో. కమాను విజయనగరమున కంతకు చాల మున్నే పరిచితము. హంపిలోని పద్మమహలు 1565 నాటి రాక్షసి తంగడి యుద్ధమునకు పూర్వపుది. అందును క్రింద కమానులు, మీద దేవాలయవిమానములను బోలు శిఖరములు గలవు. రాజమహలు నీ తెగకు జెందినదే. సాళువ నరసింహుడు 1485లో సింహాసన మధిష్ఠించుటకు మున్ను ఈ దుర్గమునుండి యేలెను. వేంకటపతిదేవరాయలు (1586–1614) పెనుగొండను విడిచి దీనిని రాజధానిగా జేసికొనెను. భవనవిస్తారమును బట్టి చూడగా దీనిని ఆరవీటివారి కాలమునకు జేర్చుట యుక్తమని నా యభిప్రాయము.

రాయి, ఇటుక, సున్నము: ఈ మూటితోనే పనియంతయు జరిగినది. కొయ్యదూల మొక్కటియు లేదు. బలమైన స్తంభములపై లేచిన కమానులే అంతస్తుల భారమును మోయుచున్నవి. నడుమ దర్బారుచావడి రెండంతస్తుల యెత్తు. కప్పుపై మెట్లుమెట్లుగా సన్నగిలు శిఖరములు.

ఇందు వైయాకరణునకు తోచు సంగతి యొకటి కలదు. ‘మహల్’ అన్యదేశ్యము. అయినను తెలుగున జేరినంతనే ఉకారమును గైకొని ‘మహలు’ అయి, ‘మహలునందు’, ‘మహలునకు’ అని మన విభక్తులను ధరించినది. కమానును అట్టిదే. ప్రకృతి పరాయిది, ప్రత్యయము మనది. అట్టి పదమును బట్టి వాక్యమునే పరభాష యందుమా?

తరువాతి చరిత్రము సంగ్రహము. దుర్గము 1782లో హైదరాలీ వశమయ్యెను, అనంతర మాంగ్లేయుల యేలుబడికి వచ్చెను. మద్రాసు ప్రభుత్వశిల్పియగు చిషోము 1883లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికయందు దీనిని గూర్చి వ్రాసెను. మద్రాసు విశ్వవిద్యాలయ సెనేటు భవనమును మిశ్రశైలిని గట్టినవా డతడే. ఇట్టి కట్టడము నతడు మెచ్చుట వింత గాదు. నేడు మహలులో పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల యున్నది.

మార్పులలో పేర్ల మార్పును గూడ లెక్కింపవలెను. ప్రక్కనున్న రెండంతస్తుల భవనమును రాణీమహలందురు. దాని క్రిందియంతస్తు తీరు అంతఃపురమునకంటె గుఱ్ఱపుశాలకే తగియున్నది. సున్నపుపూతలును అట్టివే: పొరపై పొర పడినకొలది గారపని యంచులు మొద్దువారి, క్రొత్తపని ప్రాతదానివలె గనబడును. కావున కాలనిర్ణయమునకు పైపూతను నమ్మరాదు. బాలురను వెంటగొనివచ్చు పండితులు ప్రదర్శనశాలలోని విగ్రహములతో దృప్తిపడి మరలక, మొదట వెలుపల శిఖరములను, పిదప లోపల దూలములేని కప్పును జూపుదురుగాక.