1804 విశాఖపట్నం రేవు యుద్ధం: ఫిరంగులు, కెరటాలు, తీరం

1804 సెప్టెంబరు 15 ఉదయం విశాఖపట్నం రేవు ఎదుట మూడు ఫ్రెంచి యుద్ధనౌకలు కనిపించాయి. వాటిలో పెద్దది 74 ఫిరంగుల ‘మారెంగో’. తక్కిన రెండూ ‘అతలాంత్’, ‘సేమియాంత్’ అనే ఫ్రిగేట్లు. దళాధిపతి అడ్మిరల్ లినోవా. అప్పుడు రేవులో లంగరు వేసి ఉన్నవి 50 ఫిరంగుల బ్రిటిష్ నౌక ‘సెంచూరియన్’, దాని రక్షణలో సరుకు ఎత్తుకుంటున్న ‘బార్నబీ’, ‘ప్రిన్సెస్ షార్లెట్’ అనే వర్తక నౌకలు. నౌకాయుద్ధ చరిత్రకారులు ఈ ఘటనను ఫిరంగుల లెక్కతోనే వివరించారు. అయితే ఫలితాన్ని నిర్ణయించడంలో ఫిరంగుల కంటే రేవు స్వభావానిదే పెద్ద పాత్రగా కనిపిస్తుంది.

విశాఖపట్నానికి ఆనాడు ‘రేవు’ అన్న పేరే తప్ప పెద్ద ఓడలు లోపలికి వచ్చి నిలిచే నౌకాశ్రయం లేదు. అవి బయట, తెరిచిన సముద్రంలోనే లంగరు వేసేవి. ఒడ్డుకు, ఓడకు మధ్య కెరటాలు విరిగే పట్టీ ఒకటుండేది. యూరోపియన్ ఓడలతో వచ్చే పడవలకు దాన్ని దాటడం ప్రమాదకరం. సరుకైనా, మనుషులైనా మసూలా పడవల్లోనే దాటాలి. ఈ పడవలకు మేకులుండవు; పలకలను కొబ్బరినారతో కుట్టి కట్టేవారు. అందువల్ల కెరటం తాకిడికి పడవ వంగేదే గాని పగిలేది కాదు. ఉత్తర సర్కారుల వస్త్ర వర్తకం, అంటే కంపెనీకి ఈ తీరంపై ఉన్న ప్రధాన ఆసక్తి, ఈ కుట్టు పడవల మీదనే ఆధారపడింది.

ఫ్రెంచి నౌకలు సమీపించేసరికి సెంచూరియన్ తాత్కాలిక అధిపతి జేమ్స్ లిండ్ ఒడ్డున ఉన్నాడు. అసలు అధిపతి రేనియర్ అనారోగ్యంతో ఆ నౌకలో లేడు. మొదటి కాల్పులు లిండ్ లేకుండానే జరిగాయి. పోరు మధ్యలో అతడు నౌకకు చేరుకున్నాడు. బార్నబీ లంగరు తాడు తెంచుకుని ఒడ్డుకు కొట్టుకుపోయి కెరటాల్లో ముక్కలైంది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. తాళ్లు, తెరచాపలు దెబ్బతిన్న సెంచూరియన్ తీరానికి మరింత దగ్గరగా, లోతు తక్కువ నీటిలోకి జరిగింది. దానికి ఒడ్డునున్న ఫిరంగుల అండ కొంత ఉన్నా, అసలు అండ నీటి లోతే. భారీ మారెంగో అక్కడికి చొరబడితే మేట తగిలే భయం ఉంది. దూరం నుంచి కాల్చి కాల్చి, చివరికి లినోవా పట్టుబడిన నౌకతో వెళ్లిపోయాడు. సెంచూరియన్‌లో ఒకరు మరణించగా తొమ్మిదిమంది గాయపడ్డారు.

ఇరుపక్షాలూ దీన్ని తమ విజయంగానే లెక్కించుకున్నాయి. లినోవాకు ఒక నౌక దక్కింది, మరొకటి నాశనమైంది. బ్రిటిష్ వారికి యుద్ధనౌక మిగిలింది. అదే ఏడాది ఫిబ్రవరిలో పులో ఆరా వద్ద చైనా వర్తక నౌకల బారును యుద్ధనౌకలుగా పొరబడి విడిచిపెట్టిన లినోవాపై ఈ వెనకడుగు వల్ల కూడా విమర్శ పెరిగింది. ఆ విమర్శ పూర్తిగా న్యాయమైనది కాదు. అతని స్థావరం ఎక్కడో హిందూ మహాసముద్రపు ఈల్ ద ఫ్రాన్స్ దీవిలో ఉంది. విరిగిన స్తంభానికి బదులు స్తంభం ఈ తీరంలో అతనికి దొరకదు. 1757లో బుస్సీ విశాఖపట్నాన్ని పట్టుకున్ననాటి పరిస్థితి వేరు. అప్పుడు సర్కారుల భూమి ఫ్రెంచివారి వెనుక ఉంది. 1759లో మచిలీపట్నం చేజారిన తర్వాత వారికి ఈ తీరంలో బలమైన ఆధారం లేకుండా పోయింది. 1804 నాటి మూడు నౌకలు తీరాన్ని దూరం నుంచి బెదిరించగలవేగాని నిలుపుకోలేవు.

ఈ కథనాల్లో ఒడ్డు మాత్రం దాదాపు మూగది. ఏ నౌకలో ఎందరు పోయారో లెక్క ఉంది. ఆ ఉదయం సరుకు మోసిన తండేళ్లకు, పడవవాళ్లకు ఏమైందన్నది యుద్ధ వర్ణనల్లో చోటుచేసుకోలేదు. తీరవాసులు వలస పత్రాల్లోకి ప్రవేశించేది ఎక్కువగా పని ఆగినప్పుడో, ఎదురుతిరిగినప్పుడో. ఇదే రేవులో 1780 అక్టోబరు 3న సిపాయిలు మద్రాసుకు ఓడ ఎక్కమన్న ఆజ్ఞను ధిక్కరించి తిరగబడ్డారు గనుకనే ఆనాటి సంగతి వివరంగా నమోదైంది. 1804లో ఒడ్డువాళ్లు తమ పని తాము చేశారు, అందువల్ల కనుమరుగయ్యారు. లిండ్ ఒడ్డు నుంచి నౌకకు చేరిన సంగతి నిలిచింది. ఆనాడు కెరటాలు దాటించిన చేతులకు పేర్లు లేవు.

ఓడకు, ఒడ్డుకు మధ్యనున్న ఈ కెరటాల ఎడాన్ని తొలగించే నౌకాశ్రయం ఏర్పడటానికి మరో 129 ఏళ్లు పట్టింది. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ తవ్విన కాలువ గుండా నేరుగా లోపలికి వచ్చింది.