అచ్చు యంత్రము - నడిపించు వ్రేలు

1814 నవంబరు 29వ తేదీన లండనులో వెలువడిన 'టైమ్స్' పత్రిక ఆవిరిశక్తితో అచ్చయినది. ఫ్రీడ్రిష్ కోనిగ్ అను జర్మను యంత్రశిల్పి, ఆండ్రియాస్ బావర్ అను సహచరునితో కలిసి నిర్మించిన ఆ యంత్రము గంటకు 1,100 తావులు అచ్చు వేసినది. ఇద్దరు మనుషులు చెమటోడ్చి నడిపిన చేతియంత్రముపై గంటకు 250 తావులు తీయుటే గగనము. తమ కూడు పోయినదని పనివారు అలజడి చేయుదురేమోనని పత్రికాధిపతి జాన్ వాల్టర్ కొత్త యంత్రమును వేరొక భవనమున రహస్యముగా నిలిపించినాడు. పత్రిక అచ్చయిన పిమ్మట వారికి రెండు సంగతులు తెలిపినాడు: దౌర్జన్యమునకు దిగినచో అణచుటకు బలగము సిద్ధముగా నున్నది, శాంతముగా నున్నచో, ఇటువంటి పని మరొకచోట దొరకువరకు జీతము ముట్టును. పనివాని గతి యేమన్న ప్రశ్న ఆనాటితో తీరలేదు.

భుజబలము అక్కరలేకపోయినను చేతి నేర్పు చాలకాలము నిలిచినది. ఆఫ్‌సెట్ యంత్రమున సిరాతొట్టి పొడవునా మరలు వరుసగా ఉండేవి. ఎచ్చట రంగు పలుచబడినదో అచ్చటి మరను త్రిప్పవలెను. తావును తీసి మళ్ళీ చూడవలెను. 1977లో హైడెల్‌బర్గ్ సంస్థ ఆ పనిని చిన్న విద్యుత్ మోటారులకు అప్పగించి, యంత్రమునకు ఎడముగా నున్న బల్లపై మీటలు అమర్చినది. మిషన్‌మాన్ తావును ముందుంచుకొని, నిలిచినచోటినుండియే రంగును సరిదిద్దగలిగినాడు.

టచ్ స్క్రీన్ పుట్టినది అచ్చాఫీసులో కాదు. 1965లో ఇంగ్లండులోని మాల్వర్న్ రాడార్ పరిశోధనాలయమున ఇ. ఎ. జాన్సన్ వ్రేలి స్పర్శను గుర్తించు తెరను వివరించినాడు. విమానముల రాకపోకలను నియంత్రించువారికి అది ఉపయోగపడవలెనని అతని తలంపు. తరువాత చాల యేండ్లకు అట్టి తెరలు అచ్చు యంత్రములకు చేరి, మీటల పనిని బొమ్మలకు అప్పగించినవి.

మన ఇంటికి వచ్చు శీతలపానీయపు సీసామీది తేదీని చూడండి. తరచుగా అది చుక్కలు చుక్కలుగా నుండును. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ స్వీట్ 1960 తరువాతి సంవత్సరములలో రూపొందించిన పద్ధతి దీనికి మూలము. సన్నని సిరాధార కంపనముచే బిందువులుగా విడిపోవును. కావలసిన బిందువులకు విద్యుదావేశము కలిగించి, విద్యుత్ పలకల నడుమ ప్రక్కకు మరల్చినచో అక్షరము ఏర్పడును. తక్కినవి తిరిగి తొట్టిని చేరును. యంత్రమును నడపువాడు తెరపై తేదీని నిర్ణయించి, నమూనాను చూచి, సమ్మతి గుర్తును తాకును. సీసాలు వరుసకట్టి సాగును.

చూచుటకు ఇంత సులభమైన పనిలో బరువు లేకపోలేదు. చేతియంత్రముపై పొరపాటు కంటబడునప్పటికి పాడైనవి కొన్ని తావులే. ఇప్పుడొక అంకె తప్పినచో, గమనించునంతలో వేల సీసాలు దాటిపోవచ్చును. గడువు తీరిన సరకు మంచి సరకుగా చెలామణి కావచ్చును. తెర తనకిచ్చిన తేదీని చూపగలదు గాని, ఆ సీసాకు అది తగిన తేదీయో కాదో తానుగా ఎరుగదు. కనుకనే మంచి పనివాడు మొదటి సీసాను చేతికి తీసుకొని, కంటితో చదివినగాని వరుసను సాగనీయడు. ఈ జాగ్రత్త బొమ్మలను తాకుట నేర్చినంత త్వరగా అలవడదు. వాల్టర్ తన పనివారికి జీతమును వాగ్దానము చేసినాడు. నేటి యజమాని జీతముతోపాటు తగిన శిక్షణను, అనుమానము కలిగినప్పుడు యంత్రమును ఆపు అధికారమును గూడ ఈయవలసియున్నది.