వైశాఖ పూర్ణిమాచరణ: తార్నాక నుండి మూసీ తీరం వరకు

వైశాఖ శుద్ధ పూర్ణిమ బౌద్ధులకు పరమ పవిత్రమైన తిథి. గౌతమ బుద్ధుని జననం, సంబోధి, మహాపరినిర్వాణం అనే మూడు ఘట్టాలూ ఈ ఒక్క తిథినాడే సంభవించాయని థేరవాద సంప్రదాయం విశ్వసిస్తుంది. వైదిక సంప్రదాయంలోనూ ఇది సామాన్య దినం కాదు. వైశాఖ మాసం జలదానానికి ప్రశస్తమని పురాణాలు చెబుతాయి. తాళ్లపాక అన్నమాచార్యుల జయంతి కూడా ఈ పూర్ణిమనాడే జరుగుతుంది. ఇరు మార్గాలవారూ పవిత్రంగా భావించే ఈ తిథినాడు సాధకుని మదిలో ఒక ప్రశ్న ఉదయిస్తుంది. బౌద్ధుడు కానివాడు ఈ పర్వదినాన్ని ఎలా గడపాలి? దశావతారాలలో ఒకరిగా బుద్ధునికి నమస్కరించి ఊరుకోవాలా? లేక ఇది తన పండుగ కాదని దూరంగా ఉండిపోవాలా? ఈ రెండింటికీ భిన్నమైన మార్గం ఒకటి హైదరాబాదు నేలపైనే, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికీ తార్నాకకూ ఎంతో దూరం లేని చోట, చరిత్రలో లిఖితమై ఉంది.

తార్నాకకు దక్షిణంగా కొన్ని కిలోమీటర్ల దూరంలో, మూసీ నదీ సమీపాన చైతన్యపురి ఉంది. అక్కడి కొసగుండ్ల నరసింహస్వామి ఆలయం వద్ద ఒక బండపై బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన శాసనం కనిపిస్తుంది. నగర పరిధిలో లభించిన శాసనాలలో ఇదే అత్యంత ప్రాచీనమైనదని చరిత్రకారులు భావిస్తారు. అందులో గోవిందరాజ విహారం ప్రస్తావన ఉంది; పిండపాతిక వ్రతాన్ని పాటించే భిక్షువుల ప్రస్తావన ఉంది. పిండపాతికులంటే విందు ఆహ్వానాలను అంగీకరించక, భిక్షాపాత్రలో పడిన అన్నంతోనే జీవించేవారు. కుతుబ్‌షాహీ సుల్తానులు 1591లో నగరాన్ని నిర్మించడానికి సహస్రాబ్దికి పైగా పూర్వమే ఈ నేల భిక్షువుకు అన్నం పెట్టింది. నేడు ఆ శాసనం నరసింహస్వామి సన్నిధిలో నిలిచి ఉంది. విహారం అంతరించినా దాని వాక్కును ఆలయ పరిసరమే నిలుపుకుంది.

ఆ విహార నామంలోని గోవిందరాజు విష్ణుకుండిన వంశీయుడైన గోవిందవర్మ అని పండితుల అభిప్రాయం. నేటి యాదాద్రి భువనగిరి జిల్లా తుమ్మలగూడెంలో, అంటే ప్రాచీన ఇంద్రపాలనగరంలో, లభించిన తామ్రశాసనాలు ఆయన బౌద్ధాభిమానాన్ని మరింత స్పష్టం చేస్తాయి. ఆయన పట్టమహిషి పరమభట్టారికా మహాదేవి అక్కడ ఒక విహారాన్ని నిర్మింపజేసింది. దాని పోషణకై గోవిందవర్మ గ్రామాలను దానం చేశాడు.

ఆ తరువాతి పరిణామమే సాధకుడు మననం చేయదగినది. విష్ణుకుండినులు శ్రీపర్వతస్వామి పాదభక్తులుగా ప్రసిద్ధులు. ఆ వంశంలోని మాధవవర్మ పదకొండు అశ్వమేధాలు ఆచరించినట్లు శాసనాలు కీర్తిస్తాయి. అంతటి వైదిక క్రతుకర్తల వంశంలోనే జన్మించిన విక్రమేంద్ర భట్టారకవర్మ శకవర్షం 488లో, అంటే క్రీ.శ. 566లో, తన పూర్వుల కాలపు రాణి నిర్మించిన ఆ విహారానికే మరొక గ్రామాన్ని దానం చేశాడు. విహారాన్ని ఆలయంగా మార్చలేదు. భిక్షువుల నియమాలను తన నియమాలతో కలిపివేయలేదు. వారి ధర్మాన్ని వారిదిగానే ఉండనిచ్చి, దాని రక్షణను తన ధర్మంగా స్వీకరించాడు. ఆక్రమణ లేని ఈ ఆదరమే వైశాఖ పూర్ణిమకు దక్కన్ చరిత్ర ఇచ్చిన సమాధానం.

ఆధునిక కాలంలో ఈ విషయం ఉస్మానియా ప్రాంగణంలో మరొక రూపంలో సాక్షాత్కరిస్తుంది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనంలో ఇస్లామీ వాస్తురీతితో పాటు అజంతా, ఎల్లోరా గుహల శిల్పరీతి ఛాయలు గోచరిస్తాయి. ఆ గుహలు నాడు నిజాం రాజ్యంలోనివే. 1953 జనవరి 12న ఇదే విశ్వవిద్యాలయం డాక్టర్ భీమ్‌రావ్ అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేటు సమర్పించింది. 1956 అక్టోబర్ 14న ఆయన నాగపూర్‌లో బౌద్ధ దీక్ష స్వీకరించారు. ఆనాడు ఆయన తన అనుయాయులతో చేయించిన 22 ప్రతిజ్ఞలలో, బుద్ధుడు విష్ణువు అవతారమని విశ్వసించబోమన్నది ఒకటి. అవతార భావనను హృదయంలో నిలుపుకున్న భక్తునికి ఈ వాక్యం కఠినంగా తోచవచ్చు. కాని దాని వెనుక అస్పృశ్యతను తరతరాలుగా భరించిన జనుల వేదన ఉంది. వారికి బుద్ధ జయంతి మానవ గౌరవాన్ని తిరిగి పొందిన స్మృతి కూడా. ఆ వేదనను గుర్తించకుండా చేసే బుద్ధ వందనం అసంపూర్ణమే.

కాబట్టి ఈ దినాచరణకు తొలి సోపానం శ్రవణం. తార్నాక సమీపంలోని మహేంద్రాహిల్స్‌లో ఆనంద బుద్ధ విహారం ఉంది. అటువంటి విహారానికి ప్రాతఃకాలంలో వెళ్లి, త్రిశరణాలను, పంచశీలాలను నిశ్శబ్దంగా ఆలకించవచ్చు. ప్రాణిహింస, చౌర్యం, కామ మిథ్యాచారం, అసత్యం, మద్యపానం – ఈ ఐదింటి నుండి విరతియే పంచశీలం. యోగశాస్త్రంలోని అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం అనే యమాలను ఎరిగినవానికి ఇవి అపరిచితాలు కావు. అయితే ఆత్మ విషయంలో ఉపనిషత్తులకూ బౌద్ధానికీ ఉన్న భేదం నిజమైనది. ఆ భేదాన్ని దాచనక్కరలేదు. దానికై కలహించనూ అక్కరలేదు.

రెండవది ఉపవాసం. బౌద్ధుల ఉపోసథ శబ్దం వైదిక యాగ పూర్వదినాన్ని సూచించే ఉపవసథ శబ్దం నుండే వచ్చింది. ఆ రోజు అష్టశీలాలను స్వీకరించిన గృహస్థులు మధ్యాహ్నం దాటాక భుజించరు. నృత్య గీతాలను, అలంకారాలను, ఎత్తైన శయ్యలను విడిచిపెడతారు. ఒక్క దినం ఈ నియమాన్ని పాటించినా మనస్సు ఎన్నింటిని ఆశ్రయించి జీవిస్తున్నదో తెలిసివస్తుంది.

మూడవది దానం. వైశాఖపు ఎండలో తార్నాక కూడలిలో చలివేంద్రం నిర్వహించినా, బాటసారికి చల్లని మజ్జిగ అందించినా అది పురాణోక్తమైన ఉదకదానమే. బౌద్ధుల దానపారమితకూ అది అనుగుణమే. దాహార్తుని కులగోత్రాలు అడగకపోవడమే ఇక్కడ పరీక్ష. సెలవుల్లో వసతిగృహాలలో మిగిలిపోయిన పేద విద్యార్థికి అన్నం పెట్టడం పిండపాతికులను పోషించిన నేలకు తగిన పని.

చివరిది ధ్యానం. సాయంకాలం పూర్ణచంద్రోదయ వేళ ఏకాంతంలో కూర్చుని శ్వాసను గమనించడానికి మతాంగీకారం అవసరం లేదు. అవకాశమున్నవారు చైతన్యపురి బండ వద్దకు వెళ్లి ఆ ప్రాచీన లిపిని దర్శించవచ్చు. స్వామికి నమస్కరించిన చేతులతోనే భిక్షువుల స్మృతికీ నమస్కరించవచ్చు. విక్రమేంద్రుడు ఒక గ్రామాన్ని ఇవ్వగలిగాడు. నేటి గృహస్థు ఒక కడవ నీరు ఇవ్వగలడు, ఒక పూట మౌనం వహించగలడు, పొరుగువాని ధర్మాన్ని పొరుగువాని మాటలలోనే వినగలడు.