మంత్రాలయానికి ఇరవై ఏడు చుక్కలు

మొన్నామధ్య 2009 తుంగభద్ర వరద మీద ఒక గ్రాఫ్ గీద్దామని కూర్చున్నాను. మాది మంత్రాలయం పక్కనే. ఆ ఏడు అక్టోబరు మొదట్లో నీళ్ళు మఠంలోకి వచ్చినప్పుడు నేను చిన్న క్లాసుల్లో ఉన్నా. మా ఊరి బడి గోడకి అంటించడానికి కాబట్టి గ్రాఫ్ మీద మాటలన్నీ తెలుగులోనే ఉండాలనుకున్నాను. నీటిమట్టాల లెక్కలు ఆర్ లోకి ఎక్కించి, గీత బాగా పైకి లేచిన చోట "మంత్రాలయం" అని రాయించాను. ఆర్ వాడేవాళ్ళకి తెలిసిందే, టెక్స్ట్ అనే ఫంక్షనుకి రెండు అంకెలూ ఒక మాటా ఇస్తే సరి. తెర మీద బ్రహ్మాండంగా వచ్చింది. పీడీఎఫ్ తీస్తే మాత్రం పేరు ఉండాల్సిన చోట వరసగా చుక్కలు! లెక్కపెడితే 27.

27 ఎందుకంటే... "మంత్రాలయం"లో యూనికోడ్ లెక్కన తొమ్మిది సంకేతాలు (మ, సున్న, త, పొల్లు, ర, దీర్ఘం, ల, య, సున్న). యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. నా దగ్గరున్న పాత వెర్షను అర్థంకాని బైటుకల్లా ఒక చుక్క పెట్టింది. మూడు తొమ్మిదులు ఇరవై ఏడు. లెక్కలో తేడా లేదు, అక్షరమే లేదు!

ఇది ఆర్ రాసినవాళ్ళ బద్ధకం అనుకుంటే పొరపాటే. కథ ఇంకా వెనక్కి పోతుంది.

1982లో వార్నాక్, గెష్కీ అడోబీ కంపెనీ పెట్టారు. వాళ్ళ పోస్ట్‌స్క్రిప్ట్ 1985లో ఆపిల్ లేజర్ ప్రింటర్‌తో ఆఫీసుల్లోకి వచ్చింది. అందులో మామూలు ఫాంటుకి ఒక అక్షరమంటే ఒక బైటు, అంటే ఒకసారికి 256 గళ్ళే. ఇంగ్లీషుకి, ఫ్రెంచికి అవి ధారాళంగా సరిపోతాయి. 1993లో వచ్చిన పీడీఎఫ్ ఈ పద్ధతినే వారసత్వంగా తెచ్చుకుంది. అదే ఏడు న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ యూనివర్సిటీలో ఇహాకా, జెంటిల్‌మన్ ఆర్‌ని బయటపెట్టారు. దాని పీడీఎఫ్ డివైస్ నేటికీ, మనం వేరే చెప్పకపోతే, హెల్వెటికా ఫాంటునీ ఒక బైటు పట్టికనీ పట్టుకునే కూర్చుంటుంది. ఆ పట్టికలో "మ" లేదు.

మరి చైనా, జపాన్, కొరియా వాళ్ళ సంగతి? వాళ్ళ వేల అక్షరాల కోసం అడోబీయే సీఐడీ అనే వేరే ఫాంటు పద్ధతి తయారుచేసింది, ఆర్ కూడా దాన్ని అందుకుంది. మార్కెట్ ఉన్నచోట దారి పడింది మరి. ఆ జాబితాలో తెలుగు లేదు, తుంగభద్ర అవతలి ఒడ్డు కన్నడమూ లేదు. రాఘవేంద్రస్వామి దర్శనానికి రెండు భాషలవాళ్ళూ వస్తారు, చుక్కలూ ఇద్దరికీ సమానమే :)

యూనికోడ్‌లో మనకి చోటు 1991లోనే, మొదటి వెర్షన్‌లోనే దొరికింది. కానీ చోటు దొరికితే చాలదు. త, పొల్లు, ర, దీర్ఘం నాలుగూ కలిపి "త్రా" అని ఒక్క ముక్కగా గీసేవాడు కావాలి. విండోస్‌లో ఆ పని 2001లో ఎక్స్‌పీ, గౌతమి ఫాంటుతో వచ్చింది. లినక్స్‌లో పాంగో చేసింది.

ఈలోపు మన డీటీపీ వాళ్ళు ఊరుకోలేదు. అను లాంటి ఫాంటుల్లో ఇంగ్లీషు అక్షరాల గళ్ళలోనే తెలుగు ముక్కలు, వత్తులు, గుణింతాలు సర్దేశారు. పెళ్ళిపత్రికల నుంచి పుస్తకాల దాకా వాటితోనే అచ్చయ్యాయి. ఆ తెలివికి దణ్ణం పెట్టాలి. కాకపోతే ఆ పీడీఎఫ్‌లు కంటికే తెలుగు. కాపీ చేసి నోట్‌పాడ్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. "మంత్రాలయం" అని వెతికితే ఒక్కటీ దొరకదు.

నాకు అసలు బాధ ఇక్కడే. చుక్కలు పడితే కనీసం తప్పు కనిపిస్తుంది. ఇది కనపడని తప్పు. 2009 వరద మీద అప్పట్లో తెలుగులో రాసిపెట్టిన కాగితాల్లో ఇలాంటి ఫాంటుల్లో ఉన్నవి రేపు ఎవరైనా ఊరిపేరుతో వెతికితే, ఉండీ లేనట్టే.

ఆర్ లో దారి 2008లో పడింది. 2.7 వెర్షనుతో లినక్స్‌లో కైరో పీడీఎఫ్ డివైస్ వచ్చింది, తర్వాత విండోస్‌కీ చేరింది. పాంగోతో కట్టిన ఆర్ అయితే ఒత్తులూ గుణింతాలూ అదే కూర్చుకుంటుంది. మామూలు పీడీఎఫ్ డివైస్ బదులు దీన్ని పిలిచి, తెలుగు ఫాంటు పేరు ఇస్తే చాలు, మిగతా కోడ్ ముట్టుకోనక్కర్లేదు. మాక్ వాళ్ళకి క్వార్ట్జ్ ఉంది.

ఒక్క మాట మాత్రం మర్చిపోకండి. బొమ్మ బాగా వచ్చిందని ఆగకుండా, పీడీఎఫ్ తెరిచి తెలుగు మాటని ఒకసారి కాపీ చేసి చూడండి, వెతికి చూడండి. ఒత్తులు చెదిరితే ఫాంటు మార్చి మళ్ళీ తీయండి. రెండు నిమిషాల పని. మీ డాష్‌బోర్డుల్లో, రిపోర్టుల్లో తెలుగు పేర్లు పెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే మీకేం వచ్చిందో చెప్పండి, అక్షరాలా చుక్కలా?