గేరుపెట్టె మార్చిన చాలునా?

సీతంపేట మన్యమున అనాసపండ్లకై కొండ నెక్కు లారీ వానకు తడిసిన మట్టిదారిలో ఏల దిగబడును? వెనుక చక్రములు పట్టు తప్పగా, శక్తి అందని ముందు చక్రములు బండిని లాగజాలవు.

నాలుగు చక్రములును లాగు బండి గేరుపెట్టెను దీనికి అమర్చిన చాలునా? చాలదు. గేరుపెట్టె త్రిప్పుబలమును పెంచునేగాని ముందు వెనుకలకు పంచదు. పంచునది దాని వెనుక బిగించు ట్రాన్స్‌ఫర్ కేసు. అందుండి ముందుకొక షాఫ్టు, ముందు ఇరుసులో డిఫరెన్షియలు కూడ వలయును.

1930లలో అమెరికాలోని మార్మన్-హెరింగ్టన్ కంపెనీ ఫోర్డు లారీలకు ఈ భాగములన్నియు కూర్చి అమ్మెను. 1941లో విల్లీస్ జీపు అట్టి అమరికతోనే సైన్యమున చేరెను. 1940ల చివర బొంబాయిలో మహీంద్రావారు ఆ జీపులను కూర్చనారంభించిరి.

జీపునకు కొండబండియని పేరు తెచ్చినది గేరుపెట్టె ఒక్కటి కాదు. ఇంజను నుండి నాలుగు చక్రముల వరకు తెగని శక్తిమార్గము.