వచ్చి పోవు దీపము



మా ఆర్మూరు ప్రాంతమున పసుపు పంట చేతికి వచ్చి, ఉడికి, ఎండి, నిజామాబాదు గంజునకు చేరి, అప్పులు తీరిన పిమ్మట ఏమైన మిగిలినచో, ఇంటిలోనికి క్రొత్త వస్తువొకటి వచ్చుట ఆచారము. నా బాల్యమున అది జత ఎద్దులు. తరువాత సైకిలు, ఆ పిదప ట్రాక్టరు. ఇప్పుడు కారు. దానిని వాకిట నిలిపి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టి తోలుచున్నారు. ఆ తరువాత కొన్ని నెలలకు పెక్కు ఇండ్లలో ఒక ప్రశ్న పుట్టుచున్నది. తోలువాని యెదుటి పలకపై చిన్న కారు బొమ్మయు, దాని క్రింద పాములవలె వంకరలు తిరిగిన రెండు గీతలును గల పసుపుపచ్చ దీపమొకటి ఒకప్పుడు వెలుగును, ఒకప్పుడు ఆరును. అడిగినచో ఒక్కొక్కరొక్కొక్క విధముగా చెప్పుదురు. కొందరు అపశకునమందురు. కొందరు క్రొత్త బండ్లకది సహజమందురు. ఆ దీపమెట్లు పుట్టెనో తెలిసినగాని అది చెప్పు మాట తెలియదు. కావున నేడు ఆ కథను మనవి చేసెదను.

బండి తోలి తోలి తల నెరసిన పెద్దలు మనలో నేటికిని కలరు. బరువు బండి మలుపు తిరుగవలెనన్న తోలువాడేమి చేయును? ఎడమకు తిరుగవలసినచో దాపటి ఎద్దు పగ్గమును బిగబట్టును. అది అడుగు తగ్గించును. వలపటి ఎద్దు యథాప్రకారము నడచును. బండి తనంతట ఎడమకు మళ్లును. రెండు పగ్గములను సమముగా లాగినచో బండి నిలుచునే కాని తిరుగదు. ఒక ప్రక్కను ఆపి రెండవ ప్రక్కను పోనిచ్చుటయే దారి మరల్చు ఉపాయము. నేను చెప్పబోవు యంత్రములోని రహస్యమంతయు ఇంతియే.

మోటారుకారు వచ్చినప్పుడు ఈ విద్య మూలబడినది. కారునకు చేతిలో స్టీరింగు ఒకటి, కాలిక్రింద బ్రేకు ఒకటి. ఆ బ్రేకును త్రొక్కిన నాలుగు చక్రములును ఒక్కసారిగా పట్టుబడును. ఒక చక్రమును మాత్రము పట్టి తక్కిన మూడింటిని విడిచిపెట్టు పగ్గము మనుష్యుని చేతిలో లేదు. ఋతుపర్ణుని రథము తోలిన బాహుకుడే వచ్చి కూర్చుండినను బ్రేకు ఒక్కటే, చక్రములు నాలుగు. రోడ్డు పొడిగా నున్నంతవరకు ఈ లోపము కనబడదు. తొలకరి జల్లు పడి, రోడ్డుపై పేరుకొన్న దుమ్ము, నూనె, నీరు కలిసి జిగటయైన నాడు కనబడును.

మొదట పండితుల దృష్టికి వచ్చినది బండి ప్రక్కకు జారుట కాదు, చక్రము బిగిసిపోవుట. వేగముగా పోవు బండికి బ్రేకు గట్టిగా త్రొక్కిన చక్రము తిరుగుట మానును గాని బండి పోవుట మానదు. అప్పుడు స్టీరింగు ఎటు త్రిప్పినను వినదు. ఈ బాధ విమానములకు మునుపే తెలిసినది. 1950ల దశకమున ఇంగ్లండులోని డన్లప్ సంస్థవారు మాక్సరెట్ అను పరికరమును విమాన చక్రములకు అమర్చిరి. 1966లో దానినే జెన్సెన్ ఎఫ్.ఎఫ్. అను కారునకు పెట్టిరి గాని, ఆ కార్లు మొత్తము 320 మాత్రమే తయారైనవి. 1978లో జర్మనీ దేశపు బాష్ సంస్థవారి విద్యుత్పరికరము మెర్సిడెస్ బెంజ్ ఎస్ శ్రేణి కార్లలో ప్రవేశించెను. నేడు మన మెకానిక్కులు ఏ.బి.ఎస్. అనుచున్నది ఇదియే. ప్రతి చక్రము కడ పండ్లు గల కడియమొకటియు, దాని ప్రక్కన చిన్న సెన్సరు ఒకటియు నుండి, ఏ చక్రమెంత వేగముగా తిరుగుచున్నదో ఒక పెట్టెకు తెలుపుచుండును. బిగియబోవు చక్రమును ఆ పెట్టె క్షణకాలము విడిచి మరల పట్టును. చక్రమునకొక పగ్గము వేరుగా నిచ్చిన పని ఇది. బండివాని విద్య తిరిగి వచ్చుటకు ఇచట దారి తెరచుకొన్నది.

అయినను ఆ పెట్టెకు చక్రములు తిరుగుట తెలియును గాని, బండి మూతి ఎటు పోవుచున్నదో తెలియదు. 1989లో ఫ్రాంక్ వెర్నర్ మోన్ అను మెర్సిడెస్ ఇంజనీరు స్వీడను దేశపు మంచు రోడ్డుపై కారును పరీక్షించుచు జారి గుంటలో పడెను. లాగుబండి వచ్చువరకు చేయునది లేక కూర్చుండి, బండి తిరుగుడును కొలుచు సాధనమొకటి ఉండి అది ఈ బ్రేకు పెట్టెతో మాటలాడగలిగినచో తాను గుంటలో పడకుందును గదా యని తలచెనట. గుంటలో పడినవాడు గుంటను తిట్టక ఆలోచించుట అరుదు! బొంగరము తిరుగుచున్నంతసేపు తన దిక్కును విడువదు. ఆ ధర్మమును బట్టి చేసిన సాధనమునే జైరోస్కోపు అందురు. పిల్లలు ఆడుకొను హెలికాప్టరు బొమ్మలోని జైరోస్కోపును ఊడదీసి మొదటి ప్రయోగము చేసిరని చెప్పుదురు. బాష్ సంస్థలో ఆంటన్ వాన్ జాంటెన్ అను ఇంజనీరు నాయకత్వమున ఇదే సమస్యపై దీర్ఘకాలము కృషి జరిగెను. రెండు సంస్థల పనియు ఫలించి, 1995లో ఈ యంత్రము ఎస్ శ్రేణి కారులో మొదటిసారి బయటికి వచ్చెను. వాన్ జాంటెనునకు 2016లో ఐరోపా పేటెంటు కార్యాలయమువారు జీవితకాల పురస్కారమిచ్చిరి.

ఇక దాని పని. స్టీరింగునందలి సెన్సరు తోలువాడు ఎటు పోదలచెనో చెప్పును. బండి నడుమ నుండు సెన్సరు బండి నిజముగా ఎటు తిరుగుచున్నదో చెప్పును. ఈ రెండు మాటలును పొసగుచున్నవా లేదా యని పెట్టె సెకనునకు 25 మార్లు పోల్చి చూచుచుండును. ఎడమకు త్రిప్పినను బండి నేరుగా పోవుచున్నచో ఎడమవైపు వెనుక చక్రమును పట్టును. దాపటి ఎద్దును పట్టినట్లే. వెనుక భాగము బయటికి విసురుకొనిపోవుచున్నచో కుడివైపు ముందు చక్రమును పట్టును. అవసరమైనచో ఇంజను బలమును కూడ తగ్గించును. ఇదంతయు తోలువాడు బెదరి ఊపిరి తీయులోపల జరిగిపోవును.

ఇంత జరిగినను లోకము దీనిని ధనికుల వేడుకగానే చూచెను. 1997 అక్టోబరులో స్వీడనులోని టెక్నికెన్స్ వార్ల్డ్ అను పత్రికవారు మెర్సిడెస్ వారి క్రొత్త చిన్న కారును పరీక్షించిరి. ఆ దేశమున ఎల్క్ అను పెద్ద దుప్పి అకస్మాత్తుగా రోడ్డుమీదికి వచ్చును. మనకు గేదె వచ్చినట్లు, నిర్మల ఘాటులో అడవిపంది వచ్చినట్లు. దానిని తప్పించుటకు స్టీరింగును ఒకవైపు త్రిప్పి వెంటనే రెండవవైపు త్రిప్పినచో బండి నిలుచునా యని చూచు పరీక్ష అది. కారు బోల్తాపడెను. ఈ వార్త దేశదేశముల ప్రాకగా, సంస్థవారు అమ్మకము ఆపి, అమ్మిన బండ్లను వెనుకకు పిలిచి, ఆ చిన్న కార్లన్నింటికిని ఈ యంత్రమును అమర్చిరి. వేడుకవస్తువు అవసరవస్తువైనది అప్పుడే. అమెరికా ప్రభుత్వమువారు లెక్కలు తీయగా, ఈ యంత్రము గల సామాన్య కార్లు ఒంటరిగా అదుపు తప్పి పడు ప్రమాదములు నూటికి 34 వంతులును, ఎత్తైన జీపువంటి బండ్లవి నూటికి 59 వంతులును తగ్గునని తేలెను. 2007లో శాసనము చేసి, 2012 నమూనా సంవత్సరము నుండి ప్రతి క్రొత్త కారునకును దీనిని విధించిరి. ఐరోపాలో 2014 నవంబరు నుండి క్రొత్త కార్లన్నింటికిని విధి యైనది. మన దేశమున 2019 ఏప్రిలు నుండి క్రొత్త కార్లకు ఏ.బి.ఎస్. తప్పనిసరి చేసిరి. 2023 అక్టోబరు 1 నుండి నడచుచున్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో మూడు నక్షత్రములు గాని అంతకు మించి గాని పొందవలెనన్న ఈ స్థిరతా యంత్రము ఉండితీరవలెను. మన పల్లెల వాకిళ్లలోనికి ఆ దీపము వచ్చిన దారి ఇది.

దీపమేల? ఈ యంత్రము పనిచేయని నాడు కారు నడకలో ఏ భేదమును కనబడదు. పొడి రోడ్డుపై చక్కగానే పోవును. లోపము తెలియునది వాన మలుపులోనే. అప్పటికి కాలము మించిపోవును. అందుచేత అమెరికా శాసనమున యంత్రముతోపాటు దీపమును కూడ విధించిరి. తాళము త్రిప్పినంతనే అది కొన్ని సెకనులు వెలిగి ఆరవలెను. అది దీపము బ్రతికియున్నదని చెప్పుట. నడుచుచుండగా టపటప మిణుకుమిణుకుమని ఆరినచో యంత్రము తన పని చేయుచున్నదని అర్థము: బండి జారబోయినది, పట్టితిని, మెల్లగా పొమ్ము అను మాట. ఆరక నిలిచి వెలిగినచో తాను పని మానితినని చెప్పుట. మీటతో ఎవరైన దానిని ఆపివేసినచో ఆఫ్ అను అక్షరములతో వేరు దీపము కనబడును. మిణుకుటయు నిలిచి వెలుగుటయు ఒకదానికొకటి విరుద్ధములైన మాటలు. ఒకటి కావలివాడు కేక వేయుట, మరియొకటి కావలివాడు పడిపోవుట. రెండింటిని కలిపి "వచ్చి పోవుచున్నది" అని చెప్పుటలోనే చిక్కంతయు ఉన్నది.

నిలిచి వెలిగినను మామూలు బ్రేకు సామాన్యముగా ఉండును. వేగము తగ్గించి ఇల్లు చేరవచ్చును. ఎర్రని బ్రేకు దీపము కూడ వెలిగినచో మాత్రము బండిని ప్రక్కకు దింపి ఆపవలసినదే.

మరి నిలిచి వెలిగినది మరునాడు ఆరిపోయినచో? కొండపై పొగను జూచి నిప్పును ఊహించుట తర్కము చదువువాడు మొదట నేర్చు పాఠము. పొగ యున్నచోట నిప్పుండును. కాని పొగ లేనిచోట నిప్పు లేదనరాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండునందు నిప్పున్నది, పొగ లేదు. పచ్చికట్టె తగిలినప్పుడే పొగ పుట్టును. దీపమారినది గనుక దోషము తొలగినదనువాడు ఈ పాఠము మరచినవాడు. ఇచట పచ్చికట్టె ఏది యని వెదుకవలెను: గుంటలో కుదుపా, వాన తేమయా, బ్యాటరీ నీరసించుటయా, ఒక చక్రమునకు వేరు కొలత టైరు వేయుటయా? చిన్న టైరు పెద్దదానికంటె ఎక్కువ చుట్లు తిరుగును గదా. పెట్టె దానిని చూచి కలత చెందును. చక్రముల అమరిక సరిచేయించిన తరువాత స్టీరింగు సెన్సరునకు నడిమి స్థానము మరల నేర్పకుండుటయు ఒక కారణమే.

ఇది పుస్తకములు చూచి చెప్పుచున్న మాట మాత్రమే కాదు. నా కుమారుడు ఉగాదినాడు కారు కొనెను. ఆషాఢమున దీపము కనబడెను. అప్పుడు నా కోడలు నిండు గర్భవతి. ఆమెను నిజామాబాదు వైద్యాలయమునకు తీసికొనిపోవు బండి అదియే. అడుగగా వాడు, "బాపూ, గది ఊకె వస్తది, పోతది. ఫికరు లేదు" అనెను. ఒకచోట చూపగా, ఆ సమయమున దీపము వెలుగుట లేదు గనుక దోషము లేదని పంపివేసిరి. దీపముపై నల్లని టేపు అంటించుమని సలహా ఇచ్చిన మహానుభావుడొకడు. బ్యాటరీ తీగ ఊడదీసి తగిలించుమని మరియొకడు. నేనడ్డుపడితిని. దీపమారినను పెట్టె తన చిట్టాలో దోషమును సంఖ్యారూపమున వ్రాసి ఉంచుకొనును. కొన్ని బండ్లలో తీగ ఊడదీసిన ఆ చిట్టాయే చెరిగిపోవును. సాక్షిని ఊరు దాటించి విచారణ జరుపుట వంటిది అది.

బడిపంతులును గనుక నాకు తెలిసిన పని చేసితిని. నలుబది పుటల నోటుపుస్తకమొకటి బండిలో ఉంచి, దీపము కనబడినప్పుడెల్ల దినము, స్థలము, వాన యున్నదా లేదా, మిణుకా నిలుకడయా, ప్రక్కన మరి ఏ దీపము వెలిగెనో వ్రాయుమంటిని. వాడు మొదట నవ్వెను, తరువాత వ్రాసెను. మూడు వారములకు పుస్తకము తనంతట మాటలాడెను. మిణికినదెల్ల వాననాడు, సిద్ధుల గుట్ట ఎక్కు మలుపులలోనో, చేను దారి బురదలోనో. అది యంత్రము పని చేయుట. నిలిచి వెలిగినదెల్ల మా చేను దారిలోని కల్వర్టు దగ్గర గుంట దాటిన వెంటనే, వాన యున్నను లేకున్నను. అప్పుడెల్ల ఏ.బి.ఎస్. దీపము కూడ దానితో వెలిగెను. తాళము తీసి మరల త్రిప్పిన రెండును ఆరెను. నాలుగు వరుసల రహదారిపై ఒక్కసారియు రాలేదు.

రెండు దీపములు కలిసి వెలుగుటయు, కుదుపునకు వెలుగుటయు చూచి, వేరొక మెకానిక్కు ఆ పుస్తకమును శ్రద్ధగా చదివెను. స్టీరింగు క్రింద యంత్రము తగిలించి చిట్టా చూచెను. ఎడమ వెనుక చక్రపు సెన్సరు పేరు వచ్చెను. బండి నెత్తి చూడగా, ఆ సెన్సరు వైరు పైతొడుగు కొరకబడి, లోపలి తీగ ఒక పోగుపై నిలిచియుండెను. వడ్ల బస్తాలుండు కొట్టములో బండిని నిలుపుచుంటిమి. ఎలుక పని! కుదుపునకు పోగు విడిపోవును, మరల తగులును. వైరు మార్చిరి. కొట్టములో బోను పెట్టితిమి.

శ్రావణమున మనుమడు పుట్టెను. తల్లిని, బిడ్డను వైద్యాలయమునుండి తీసికొని వచ్చు దినమున నిజామాబాదు దాటినది మొదలు వాన. ఊరి మొగదల మలుపులో దీపము రెండుమార్లు మిణికి ఆరెను. నా కుమారుడు వేగము తగ్గించి, అద్దములో నా వంక చూచెను. నేను పుస్తకము తీసి, దినము, స్థలము, వాన అని వ్రాసి, మిణుకు అని చేర్చితిని.