డ్యూరర్ ముద్ర: సంతకం కాదు, పూచీ

1512 జనవరి 3న న్యూరెంబర్గ్ నగర సభ ఒక చిన్న ఉత్తర్వు రాయించింది. సభా భవనం దగ్గర పరాయి ఊరి వర్తకుడొకడు అచ్చుబొమ్మలు అమ్ముతున్నాడు. వాటిలో కొన్నింటి మీద ఆ ఊరి చిత్రకారుడు అల్‌బ్రెక్ట్ డ్యూరర్ గుర్తు ఉంది. విశాలంగా కాళ్లు చాచిన రోమన్ ‘ఏ’ అక్షరం, ఆ కాళ్ల నడుమ ఒదిగిన చిన్న ‘డీ’. అది మోసంతో వేసిన గుర్తు కాబట్టి వర్తకుడు దాన్ని ప్రతి బొమ్మ మీదా తీసేయాలి, లేదంటే సరుకు జప్తు చేస్తారు. ఉత్తర్వు సారాంశం అంతే. అందులో ఏముందో చూసినవాళ్లు ఏం లేదో కూడా చూడాలి. డ్యూరర్ గీసిన బొమ్మను మరొకరు గీయకూడదన్న మాట అందులో ఎక్కడా లేదు. గుర్తు గోకేశాక అదే బొమ్మను అదే చోట కూర్చుని అమ్ముకోవచ్చు. ఒక కళాకారుడి సొత్తులో సభ కాపాడదలచింది రెండక్షరాలనే. ఇది ఆనాటి వాళ్ల అజ్ఞానం కాదనీ, ఆ ముద్ర అసలు పనేమిటో సభ సరిగ్గానే గ్రహించిందనీ నా అభిప్రాయం.

మనం ఇలాంటి ముద్రను సంతకం అని పిలిచి ఊరుకుంటాం. సంతకమంటే చెయ్యి తాకిన గుర్తు. డ్యూరర్ చెక్క అచ్చుల విషయంలో ఆ మాట చెల్లదు. ఆయన బొమ్మ గీసేవాడు. ఆ గీతల చుట్టూ ఉన్న చెక్కను తొలిచి అచ్చుదిమ్మ తయారుచేసే పని వేరే వృత్తివాళ్లది. న్యూరెంబర్గ్‌లో ఆ పనిలో పేరు పొందిన హిరోనిమస్ ఆండ్రే ఆయన దిమ్మలు ఎన్నో తొలిచాడు. దిమ్మకు సిరా పూసి కాగితం ఒత్తేది ఇంకొకరు, అమ్మేది మరొకరు. తల్లి న్యూరెంబర్గ్ ఉత్సవాల్లో అమ్మింది, భార్య ఆగ్నెస్ ఫ్రాంక్‌ఫర్ట్ సంతకు వెళ్లింది, ఊరూరా తిరిగి అమ్మడానికి 1497లోనే ఒక మనిషిని ఒప్పందం మీద పెట్టుకున్నారు. 1498లో బైబిల్ ప్రళయ దర్శనాన్ని 15 బొమ్మల్లో చెక్కించి, జర్మన్‌లోనూ లాటిన్‌లోనూ తానే ప్రచురించాడు. ముద్రాపకుడు అంటన్ కోబెర్గర్ ఆయనకు జ్ఞానపిత కావడంతో పుస్తక వ్యాపారం లోతుపాతులు ఆయనకు కొత్త కాదు. అలా తన చెయ్యి తగలని కాగితాలు వందల సంఖ్యలో, తాను చూడని ఊళ్లలో, తనను ఎరగని మనుషుల చేతుల్లోకి పోతుంటే వాటికి పూచీ ఎవరు? ఈ బొమ్మ ఆలోచన, గీత, నాణ్యత అన్నిటికీ జవాబుదారీ ఫలానా మనిషి అని కొనేవాడికి చెప్పడానికే ఆ ముద్ర పుట్టింది. చెయ్యి వెళ్లలేని చోటికి అది పేరును పంపింది.

ఇందులో కొత్తేముందని అడగవచ్చు. కోల్మార్‌కు చెందిన మార్టిన్ షోన్‌గావర్ తన రాగిరేకు బొమ్మల కింద అంతకుముందే పేరులోని రెండు అక్షరాలు వేసేవాడు. ఆయన్ని కలుసుకోవాలని యువకుడైన డ్యూరర్ 1492లో అక్కడికి చేరేసరికి ఆయన అప్పటికే పోయాడు. పైగా డ్యూరర్ తండ్రి కంసాలి, కొడుకు మొదట నేర్చింది ఆ పనే. వస్తువు మీద పనివాడి గుర్తు ఉండటం అనే సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. ఇదంతా నిజమే, ముద్ర వేయడం డ్యూరర్ కనిపెట్టింది కాదు. ఆయన చేసింది ఆ ముద్రకు రూపం దిద్దడం, దాన్ని బొమ్మ లోపలికి తీసుకెళ్లడం. షోన్‌గావర్ గుర్తు ఎప్పుడూ అడుగున మధ్యలో, బొమ్మకు సంబంధం లేనట్టు ఉంటుంది. డ్యూరర్ కూడా మొదట్లో అలాగే వేశాడు. 1504 నాటి ‘ఆదాము హవ్వ’ వచ్చేసరికి పేరు, ఊరు, సంవత్సరం రాసిన పలక చెట్టుకొమ్మకు వేలాడుతూ ఉంటుంది. 1513లో గుర్రపు వీరుడి బొమ్మలో అది నేల మీద నిలబెట్టిన పలక. 1514లో విషాదమూర్తి బొమ్మలో మెట్టు అంచున చెక్కిన అక్షరాలు. అంచులు కత్తిరించినా పోని చోట, తీసేస్తే బొమ్మలో గాయం కనిపించే చోట ముద్ర కూర్చుంది. ఇది అలంకారం మాత్రమే అని నేను అనుకోను. అంచులు కత్తిరించి దాచుకునేవాళ్లు, గుర్తులు చెరిపేవాళ్లు ఉన్న విపణిలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు మరొకటి కనిపించదు.

ఇక అక్షరాల రూపం. ‘ఏ’ తల చదునుగా, వెడల్పుగా ఉంటుంది. అడ్డగీత పైకి జరిగి కింద ‘డీ’కి చోటు వదులుతుంది. రెండక్షరాలు పక్కపక్కన నిలబడకుండా ఒకటి రెండోదానికి ఇల్లవుతుంది. అందుకే గోరంత సైజులో చెక్కినా, జానెడు వేసినా గుర్తుపట్టడంలో తేడా రాదు. అచ్చుదిమ్మ మీద అంతా తలకిందులుగా కాక ఎడమ కుడిగా తిరగేసి చెక్కాలి కదా, ఆ తిరగేతలో ‘ఏ’కు మార్పే లేదు, జాగ్రత్త పడాల్సింది ‘డీ’ ఒక్కదానితోనే. అక్షరాల మీద ఆయనకున్న శ్రద్ధ ఎంతటిదో 1525లో వేసిన కొలతల పుస్తకం చెబుతుంది. అందులో రోమన్ పెద్దక్షరాలను చతురస్రం, వృత్తఖండాల సాయంతో ఎలా కట్టాలో, జర్మన్ లిపిని చిన్న చిన్న చదరాలతో ఎలా పేర్చాలో నేర్పాడు. వెడల్పు ఎంత, మందం ఎంత అని లెక్కకట్టిన మనిషి తన పేరు అక్షరాలను యాదృచ్ఛికంగా వదిలేసి ఉంటాడని నమ్మలేం.

ముద్రకూ బొమ్మకూ ఉన్న తేడా ఇటలీలో ఇంకా స్పష్టంగా బయటపడింది. మార్కాంటోనియో రైమోండి అనే చెక్కుడు పనివాడు డ్యూరర్ ‘కన్య మరియ జీవితం’లోని 17 చెక్క బొమ్మలను రాగిరేకు మీద, ముద్రతో సహా, తిరిగి చెక్కాడు. కళాకారుల జీవితచరిత్రలు రాసిన ఇటలీ రచయిత వసారి తన 1568 నాటి గ్రంథంలో రాసిన కథ ప్రకారం డ్యూరర్ వెనిస్ వెళ్లి ప్రభుత్వానికి మొరపెట్టుకున్నాడు, ఇకమీదట ఆ గుర్తు వాడకూడదన్న ఆజ్ఞ ఒక్కటే సంపాదించాడు. ఈ కథను పూర్తిగా నమ్మనివాళ్ల వాదన బలమైనదే. వెనిస్ పత్రాల్లో ఆ విచారణ ఆనవాలు లేదు. వసారి తగాదాకు మూలంగా చెప్పింది క్రీస్తు శ్రమల మీద డ్యూరర్ వేసిన బొమ్మల వరుస. ఆ ‘చిన్న శ్రమల గాథ’ 1511లో వెలువడింది, డ్యూరర్ వెనిస్ నుంచి తిరిగొచ్చిందేమో 1507లో. కాబట్టి ఆ కథను సాక్ష్యంగా నేను నిలబెట్టను. కానీ మార్కాంటోనియో బొమ్మలే సాక్ష్యం. తర్వాతి రోజుల్లో ఆయన ఆ ‘శ్రమల గాథ’నూ కాపీ చేశాడు. అందులో గీతలన్నీ దించాడు, పలకనూ దించాడు, పలక మీద అక్షరాలు మాత్రం వేయలేదు. ఆజ్ఞ ఉన్నా లేకపోయినా, బొమ్మ తీసుకోవచ్చు, పేరు తీసుకోకూడదు అన్న గీత ఎక్కడుందో ఆ ఖాళీ పలక చూపిస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. 1511లో ‘కన్య మరియ జీవితం’ చివర డ్యూరర్ ఒక హెచ్చరిక అచ్చువేశాడు. ఇతరుల శ్రమను, బుద్ధిని దోచేవాళ్లను తిట్టి, ఈ బొమ్మలను ఎవరూ తిరిగి అచ్చువేయకూడదనీ, నకళ్లను సామ్రాజ్యంలో అమ్మకూడదనీ మాక్సిమీలియన్ చక్రవర్తి అధికారమిచ్చాడని ప్రకటించాడు. అంటే బొమ్మకే రక్షణ ఉంది కదా? ఆయన కోరిక అదేనని నేను ఒప్పుకుంటాను. కోరిక ఒకటి, అమలు ఒకటి. ఆ హెచ్చరిక వెలువడిన కొద్ది నెలలకే సొంత ఊరి సభ ఇచ్చిన ఉత్తర్వు గుర్తు దగ్గరే ఆగిపోయింది. పదహారేళ్ల తర్వాత, 1528లో ఆయన పోయాక, అదే సభ ఆయన మానవ ప్రమాణాల పుస్తకం వెలువడేదాకా అలాంటి పుస్తకం వేయకూడదని చిత్రకారుడు హాన్స్ జేబల్డ్ బేహామ్‌ను కట్టడి చేసింది. రచన హక్కు వైపు చట్టం కదిలింది, కాని నెమ్మదిగా, ముద్రకు ఇచ్చిన రక్షణ వెనకాలే.

మరి ఇదంతా వ్యాపారమే అయితే, అమ్మకానికి కాని చిత్రాల మీద కూడా ముద్ర ఎందుకు? 1500 నాటి స్వీయచిత్రంలో, 1502 నాటి కుందేలు మీద కూడా అది ఉంది. పేరు మీద మోజు అన్న మాటలో కొంత నిజముంది, అంత గంభీరంగా తన ముఖాన్ని చిత్రించుకున్న మనిషికి ఆత్మగౌరవం తక్కువని ఎవరూ అనరు. అయినా జాగ్రత్తగా చూడాలి. ఆయన చిత్తు చిత్రాల మీద కనిపించే ముద్రల్లో కొన్ని తర్వాత సేకర్తలు తగిలించినవి. చెయ్యికీ ముద్రకూ తేడా ఆయనకు తెలుసనడానికి 1515 నాటి కాగితం ఒకటుంది. ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ పంపిన నగ్న పురుషుల చిత్రం మీద, తన చేతివాటం చూపడానికి రఫాయెల్ దీన్ని పంపాడని డ్యూరర్ స్వయంగా రాసుకున్నాడు. చెయ్యిని చూపాలంటే చిత్రమే చాలు. చెయ్యి లేని చోటనే ముద్ర కావాలి.

తెలుగు పాఠకుడికి ఇక్కడ వేమన మకుటం గుర్తుకు రాక తప్పదు. నోటి నుంచి నోటికి పోయే పద్యానికి కర్తను కట్టిపెట్టింది ఆ చివరి పాదమే. అదే దాని బలహీనత కూడా. మకుటం తగిలించి ఎవరైనా పద్యం చెప్పవచ్చు, చెప్పారు కూడా. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేసిన నాటి నుంచీ ఏవి అసలువి, ఏవి కొసరువి అన్న తగవు తెగలేదు. మకుటం గోకేయమని ఉత్తర్వు వేసే సభ మౌఖిక సాహిత్యానికి లేదు.

డ్యూరర్ ముద్ర వేరే దారిలోనూ బతికింది. రేగెన్స్‌బుర్గ్‌లో ఆల్ట్‌డోర్ఫర్ అనే చిత్రకారుడు పెద్ద ‘ఏ’ లోపల చిన్న ‘ఏ’ పెట్టి తన గుర్తు చేసుకున్నాడు. జోయెస్ట్‌లో ఆల్డెగ్రేవర్ ‘ఏ’ లోపల ‘జీ’ పెట్టాడు. ఇవి దొంగముద్రలు కావు, ఎవరి పేరు వాళ్లదే. రూపం మాత్రం ఆయన నేర్పింది. ఇక పూచీ ఎంత దూరం పోగలదో చూడాలంటే 1515 నాటి ఖడ్గమృగం చాలు. గుజరాత్ సుల్తాను ఇచ్చిన ఆ జంతువు ఆ ఏడు మే నెలలో లిస్బన్‌లో దిగింది. డ్యూరర్ దాన్ని చూడలేదు, వచ్చిన ఉత్తరం, రేఖాచిత్రం ఆధారంగా గీశాడు. దిమ్మ తొలిచింది కూడా ఆయన కాదు. ఒళ్లంతా కవచపు రేకులు, భుజం మీద అసలు జంతువుకు లేని చిన్న కొమ్ము ఒకటి. అయినా మూలన ఆ రెండక్షరాలున్నాయి. 1620 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో విల్లెం యాన్సెన్ అదే దిమ్మకు రంగు దిమ్మ జోడించి మళ్లీ అచ్చువేశాడు. 1741లో బెంగాల్ నుంచి క్లారా అనే నిజమైన ఖడ్గమృగం రాటర్‌డామ్ చేరి దేశదేశాలు తిరిగి జనం కళ్లబడేదాకా, యూరప్‌లో చాలామందికి ఖడ్గమృగమంటే ఆ ముద్ర పూచీ పడ్డ జంతువే.